కొండంత బిల్లు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మేఘం మీద వ్యాఖ్య రాయడం తెలుగువాళ్లకు కొత్త కాదు. కాళిదాసు మేఘసందేశానికి సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మెదకు సీమలోని కొలిచెలమవాడే. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఆయన నియమం. ఆ నియమమే క్లౌడ్ సర్వర్లకూ పెట్టుకుని ఉంటే కింది పద్యం పుట్టేది కాదు. తిరుపతిలో ఒకానొక సాఫ్ట్‌వేర్ ఆఫీసు నోటీసు బోర్డు మీద వెలసిన పద్యమిది. కర్త పేరు లేదు. శైలిలోని బాధను బట్టి అకౌంట్స్ సెక్షన్ మనిషే అని వ్యాఖ్యాత ఊహ.

తే.గీ.
అద్దె యంత్రము లెల్లవే ళాడుచుండ
ఆర్పువారలు లేరు; నెలాఖరునను
బిల్లు కొండంతయై వచ్చి భీతి గొలుప
వేంకటేశునిఁ గొలిచియు వెదకు లెక్క

ప్రతిపదార్థం

(ఓ కంపెనీవాడా! అని అధ్యాహారం) అద్దె యంత్రములు = కిరాయికి తెచ్చుకున్న సర్వర్లు; ఎల్లవేళ = పగలూ రాత్రీ, ఆదివారమూ బ్రహ్మోత్సవమూ అనక; ఆడుచుండ = తిరుగుతూ ఉండగా; ఆర్పువారలు = ఆపవలసినవారు; లేరు = లేరు (వ్యాఖ్య అనవసరం); నెలాఖరునను = నెల ముగియగానే; బిల్లు = బిల్లు; కొండంతయై వచ్చి = కొండంతగా పెరిగి వచ్చి; భీతి గొలుప = ఎండీ గారికి ముచ్చెమటలు పట్టించగా; వేంకటేశునిఁ గొలిచియు = స్వామికి మొక్కుకున్న పిమ్మట కూడా; లెక్క వెదకు = ఏ సర్వరు ఎవరిదో, ఎందుకో చూసుకో.

తాత్పర్యం

మొక్కు మొక్కే, లెక్క లెక్కే. మొదటిది చేసినంత మాత్రాన రెండోది మాఫీ కాదు.

విశేషాలు

‘ఎల్లవేళ’: వారానికి 168 గంటలు. టెస్టింగ్ సర్వర్లు అయిదు రోజులు, రోజుకు 12 గంటలు నడిస్తే చాలు, అంటే 60 గంటలు. తక్కిన 108 గంటలూ అవి ఎవరి కోసం తిరుగుతున్నట్టు? రాత్రికి ఆపి పొద్దున్నే లేపే షెడ్యూలు ఒకటి పెడితే నూటికి 64 వంతుల గంటలు మిగులుతాయి. ఇక్కడ ‘వేలాడుచుండ’ అని పాఠాంతరం ఉంది. సర్వర్ల విషయంలో రెండు పాఠాలూ గ్రాహ్యమే.

‘అద్దె’: తిరుమలలో గది తీసుకున్నవాడు ఖాళీ చేసి తాళం అప్పగిస్తేనే కాషన్ డిపాజిట్ వెనక్కి వస్తుంది. తాళం జేబులో వేసుకుని కొండ దిగిపోతే అద్దె ఆగదు. సర్వరు ఆపి డిస్కు వదిలేయడమూ ఇంతే. డిస్కుకు కిరాయి నడుస్తూనే ఉంటుంది. పాత బ్యాకప్పులకూ, ఎవరూ చదవని లాగ్‌లకూ ఇదే న్యాయం. 2024 ఫిబ్రవరి నుంచి అమెజాన్ క్లౌడ్‌లో ఒక్కొక్క పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకు, వాడినా వాడకపోయినా, గంటకు అర సెంటు పడుతోంది.

‘నెలాఖరు’: ఇది యతి కోసం వేసిన మాట. బిల్లు నెలకోసారి వచ్చినా, చాలా సర్వర్ల అద్దె సెకన్ల లెక్కన పెరుగుతుంది. కాబట్టి వెదకవలసింది నెలాఖరున కాదు, రోజూ.

ఛందస్సు: తేటగీతి పాదానికి సూర్యగణాలు మూడు, ఇంద్రగణాలు రెండు. ఇంద్రగణం పెద్దది, సూర్యగణం చిన్నది. చిన్నది చాలిన చోట కవి పెద్దది వేయలేదు. మన ఇంజినీర్లు మాత్రం ‘ఎందుకైనా మంచిది’ అని అన్ని చోట్లా ఇంద్రగణమే వేస్తారు. ప్రాసెసరు నూటికి పది వంతులు కూడా పనిచేయని సర్వరును సగానికి తగ్గిస్తే ఛందోభంగం కాదు.

అలంకారం: ‘కొండంత’ అన్నది అతిశయోక్తి అని కొందరు. తిరుపతిలో పొద్దున లేస్తే కళ్లెదుట కొండే గనుక స్వభావోక్తి అని మా పక్షం.

శంకా సమాధానాలు

శంక: జనం ఒక్కసారిగా వచ్చిపడే రోజు ఉంటుంది కదా, దానికోసం ఎప్పుడూ పెద్ద సర్వర్లు ఉంచుకోవద్దా?

సమాధానం: ఆ కష్టం తిరుమల దేవస్థానం కంటే ఎరిగినవారెవరు? రూ.300 దర్శనం కోటా సాధారణంగా నెలలో 24వ తేదీ ఉదయం 10 గంటలకు విడుదలవుతుంది. ఆ గంట కోసం నెలంతా పందిరి వేసి ఉంచనక్కరలేదు. అవసరానికి పెరిగి, తీరాక తగ్గేట్టు సర్వర్లు అమర్చుకోవచ్చు. అంతకన్నా చవకైన ఉపాయం క్యూ. గర్భగుడిని పెద్దది చేయలేరు గనుక భక్తులను వైకుంఠం కాంప్లెక్సు కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి విడతలుగా వదులుతారు. టికెట్ల వెబ్‌సైటులోని వర్చువల్ క్యూ చేసేదీ అదే. జనాన్ని బయట ఆపే చిన్న పేజీకి అయ్యే ఖర్చు, అందరినీ ఒకేసారి లోపలికి తోసే సర్వర్ల ఖర్చులో ఆవగింజంత.

శంక: 2021 సెప్టెంబరులో సర్వదర్శనం టోకెన్లు ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు జియో క్లౌడ్ సేవ ఉచితంగా అందిందని దేవస్థానం చెప్పింది. మాకూ అలా దొరకదా?

సమాధానం: స్వామి సేవకు వచ్చేవారు స్టార్టప్ సేవకు రారు. క్లౌడ్ కంపెనీలు మొదట్లో ఇచ్చే ఉచిత క్రెడిట్లు కుబేరుడి అప్పు వంటివి. పెళ్లి ఘనంగా జరుగుతుంది. వడ్డీ కాసులు తర్వాత మొదలవుతాయి. ఎప్పటికీ ఉండే పనికి ఏడాదికో మూడేళ్లకో ముందే మాట ఇచ్చి రేటు తగ్గించుకో. మధ్యలో ఆగినా నష్టం లేని పనిని, ఎప్పుడైనా వెనక్కి లాక్కునే స్పాట్ సర్వర్ల మీద నడుపు. మాట ఇచ్చేముందు మాత్రం అనవసరమైనవి తీసెయ్యి. లేకపోతే వృథాకే మూడేళ్ల ఒప్పందం రాసిచ్చినవాడివవుతావు.

ఫలశ్రుతి

హుండీలో పడిన కానుకలనే పరకామణిలో కూర్చుని లెక్కపెడతారు. దేవుడి సొమ్ముకు తప్పని లెక్క మన సొమ్ముకు తప్పుతుందా? ఈ వ్యాఖ్య చదివినవారు ప్రతి సర్వరుకూ మూడు సంగతులు రాసి అతికించండి: ఎవరిది, ఏం పని, ఎప్పుడు ఆపాలి. పేరు లేనిదాన్ని వారం రోజులు ఆపి చూడండి. ఎవరూ అరవకపోతే బ్యాకప్ తీసుకుని, ఆ బ్యాకప్‌కూ గడువు తేదీ వేసి, తీసేయండి.