జనవరి భక్తుడు

ప్రతి మందిరంలోనూ ఇలాంటి ఒకాయన ఉంటారు. మా డెల్టా ఊళ్లో ఆయన్ని అందరూ బ్రదర్ గారంటారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు చేతిలో పడగానే ఆయనకి ఉజ్జీవం వచ్చేస్తుంది. తెల్లారుజామున నాలుగింటికి అలారం, కొత్త డైరీ, రంగురంగుల స్కెచ్ పెన్నులు. బైబిల్లో 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదికి పూర్తి. లెక్కలో ఏ లోపమూ లేదు.

ఆదికాండము పరుగులు పెడుతుంది. యాకోబు కొడుకులు పన్నెండుమంది పేర్లూ నిద్రలో లేపి అడిగినా వరసగా చెబుతారు, ఏటేటా చదువుతున్నారు మరి. ఎర్ర సముద్రం దాటేదాకా హుషారే. ఆ తర్వాత గుడారం కొలతలొస్తాయి: తెర పొడవు 28 మూరలు, వెడల్పు 4. షామియానాల వాళ్లకైతే బాగుంటుందేమో గానీ, ఈయనకి మోకాళ్ల మీదే కునుకు పడుతుంది.

"ఏవండీ, ప్రార్థనా, గురకా?" లోపల్నుంచి వదినగారు.

ఎలాగో లేవీయకాండములో పడతారు. అప్పటికి నాలుగింటి అలారం ఎనిమిదికి జరిగి ఉంటుంది. పదకొండో అధ్యాయం దగ్గర అసలు గండం. రెక్కలూ పొలుసులూ లేని నీటి జీవుల్ని తినకూడదని ఉంటుందక్కడ. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి ఆదివారం రొయ్యల ఇగురు వాసన. "ఇది రేపు ధ్యానిద్దాం" అని బైబిలు మూసేస్తారు. ఆ రేపు మళ్లీ జనవరిలోనే వస్తుంది. ఆ బైబిలు అంచు చూడాలి: మొదటి వేలెడు మందం నలిగి గోధుమరంగు, మిగతాదంతా బంగారుపూత చెక్కుచెదరలేదు. అయినా ఏటా మొదటి పేజీ తెరిచే ధైర్యం మాలో ఎంతమందికుంది?

"అపొస్తలుల కార్యములు పదిలో పేతురుకి ఆ తినకూడని వాటి సంగతి తేలిపోయింది కదండీ! మీరు అక్కడిదాకా వెళ్తే కదా!" అంటారు వదినగారు. ఎసరు మరిగేలోగా ఓ కీర్తన చదువుకునే మనిషావిడ.

ఈ ఏడు పాస్టరుగారు కొత్త దారి చూపించారు. స్కాట్లండులో రాబర్ట్ మర్రే మెక్‌షేన్ అనే కాపరి 1842లో తన సంఘానికి రాసిచ్చిన పట్టిక అది. ఆదికాండము, ఎజ్రా, మత్తయి, అపొస్తలుల కార్యములు జనవరి 1న ఒకేసారి మొదలు.

"ఇదివరకు ఒకచోటే ఆగేవారు, ఇక నాలుగు చోట్ల" అన్నారు వదినగారు.

బ్రదర్ గారు పట్టించుకోలేదు. 10వ తారీఖున అపొస్తలుల కార్యములు పదో అధ్యాయం రానే వచ్చింది. చదివి లేచి, సంచి పట్టుకుని నేరుగా మార్కెట్టుకి వెళ్లి రెండు కేజీల రొయ్యలు తెచ్చారు. పదకొండో అధ్యాయం ఇంకా తెరవలేదట.