సన్నబడింది ల్యాప్‌టాప్, చిక్కింది మనం

కిలోకి లోపలే! ల్యాప్‌టాప్‌ను రెండు వేళ్ల మధ్య పట్టుకుని నవ్వే ఆ ప్రకటన మీరూ చూసే ఉంటారు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో 'మీరే అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు' అని కూడా ఉంది. బొంరాస్‌పేటలో కూర్చుని అది చదివి నేనెంత మురిసిపోయానో!

మా దగ్గర బరువు పెద్ద సమస్యే మరి. కందుల బస్తా భుజాన మోసి తాండూరు మార్కెట్‌లో దించే మనిషి, కొడుకు ల్యాప్‌టాప్ ఇంకో నాలుగొందల గ్రాములు ఎక్కువుంటే నడుం విరిగి కూలబడతాడు. బండలు లారీకెక్కించే వాళ్ల గతి ఇక చెప్పేదేముంది? పరిగి బస్సులో ఒంటికాలి మీద నిలబడే డిగ్రీ పిల్లకు కావాల్సింది సీటు కాదట, సన్నటి ల్యాప్‌టాప్.

సరే, మిగిల్చిన ఆ గ్రాములు ఎటు పోయాయి? సన్నం చేయాలని లాన్ వైరు పెట్టే చోటు తీసేశారు, కాబట్టి అడాప్టర్ కొనాలి. మామూలు యూఎస్‌బీలు ఎగిరిపోయాయి, కాబట్టి హబ్ కొనాలి. స్టోరేజీ చాలదు, ఇంకో హార్డ్ డిస్క్. ఛార్జర్ ఎటూ తప్పదు. అన్నీ సంచిలో వేసి కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూడండి.

ఈ జబ్బు కొత్తది కాదు. 2008లో స్టీవ్ జాబ్స్ వేదిక మీద ఆఫీసు కవర్లోంచి మ్యాక్‌బుక్ ఎయిర్ బయటికి తీశాడు. దాంట్లో ర్యామ్ బోర్డుకే సోల్డరింగ్ చేసి ఉంది. అప్పటి నుంచి అందరికీ ఆ కవరే కొలత. ఒకడు మిల్లీమీటరు తగ్గిస్తే ఇంకొకడు ఒకటిన్నర. ఎవరడిగారు? వికారాబాద్ జిల్లాలో ల్యాప్‌టాప్‌ను కవర్లో పెట్టుకు తిరిగేవాణ్ని నేనింతవరకు చూడలేదు.

ఇక అప్‌గ్రేడ్ ముచ్చట. పక్కింటి అబ్బాయి ల్యాప్‌టాప్‌ను మెకానిక్ విప్పుతుంటే దగ్గరుండి చూశాను. అడుగున కనబడే స్క్రూలన్నీ తీసినా మూత రాలేదు. మిగతావి రబ్బరు కాళ్ల కింద దాక్కున్నాయి. ఆ రబ్బరు ఒకసారి పీకితే మళ్లీ సరిగ్గా అంటుకోదు, బల్ల మీద ల్యాప్‌టాప్ ఊగుతూనే ఉంటుంది. లోపల మారేది ఎస్ఎస్‌డీ ఒక్కటే, అదే వాళ్ల అప్‌గ్రేడ్! ర్యామ్ స్లాట్ ఉండాల్సిన చోట నల్లటి చిప్పులు బోర్డుకు అతుక్కుని ఉన్నాయి. "దీంట్ల పెంచనీకి రాదన్నా. కొన్ననాడు ఎంతుంటే గంతే," అన్నాడు మెకానిక్.

అంటే, కొట్లోనే తలరాత రాసిచ్చేస్తున్నారు.

ఇది మోసం. తండ్రి అప్పు చేసి 8 జీబీది కొనిస్తాడు. ఇంజినీరింగ్ మూడో ఏడు ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే అది మొరాయిస్తుంది. స్లాట్ ఉంటే ఒక ముక్క కొని బిగిస్తే అయిపోయే పనికి బోర్డు మొత్తం మార్చాలి, లేదా కొత్తది కొనాలి. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల దెబ్బకు ర్యామ్ ధరలు మండిపోయాయి. క్రూషియల్ పేరుతో మనకు ర్యామ్ అమ్మే మైక్రాన్ ఆ వ్యాపారమే మానేస్తున్నానంది. స్లాట్ ఉన్నవాడు ధర దిగేదాకా ఆగగలడు. అతికించినది కొనేవాడు మండే ధరకే మొత్తం కొనాలి, లేదా 8తో నాలుగేళ్లు ఏడవాలి.

సన్నగా ఉండాలంటే అతికించక తప్పదంటాయి కంపెనీలు. మరి ఫ్రేమ్‌వర్క్ కంపెనీ 2021లో తెచ్చిన 13 అంగుళాల ల్యాప్‌టాప్ బరువు 1.3 కిలోలే. ఒక్క స్క్రూడ్రైవర్‌తో ర్యామ్, బ్యాటరీ, కీబోర్డు, చివరికి బోర్డు కూడా మార్చుకోవచ్చు. పరిగిలో దొరకదనుకోండి, అది వేరే సంగతి. కరెంటు తక్కువ తాగుతుందని అతికించే ఎల్‌పీడీడీఆర్ ర్యామ్‌ను సైతం స్క్రూలతో బిగించేలా 2024లో లెనోవో తన థింక్‌ప్యాడ్ పీ1లో పెట్టింది. మిగతావాళ్లకు చేతకాక కాదు, చేయబుద్ధి కాక.

ఢిల్లీలో 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేశారు, పోర్టల్ తెరిచారు. ఫ్రాన్సులో 2021 నుంచే ల్యాప్‌టాప్ ధర పక్కన మరమ్మతుకు పదికి ఎన్ని మార్కులో రాసి పెట్టాలి. మనకు మాత్రం గ్రాములే రాస్తారు.

కాబట్టి ఈసారి కొట్లో గ్రాములు అడక్కండి. ర్యామ్ స్లాట్ ఉందా? ఎస్ఎస్‌డీ మారుతుందా? బ్యాటరీ స్క్రూలతో బిగించారా, జిగురుతో అంటించారా? నేనే మూత విప్పితే వారంటీ ఉంటుందా, పోతుందా? జవాబు కాగితం మీద రాసివ్వమనండి. నసిగితే డబ్బులు జేబులో పెట్టుకుని బయటికొచ్చేయండి.