నీళ్లు ఉప్పగా ఉన్నాయి, హెలికాప్టర్ పంపండి

మొసలి నోట కాలు చిక్కిన గజేంద్రుడు వెయ్యేళ్లు పెనుగులాడి, ఇక ఒంట్లో సత్తువ లేదని తేలాక గానీ విష్ణుమూర్తిని పిలవలేదు. పాపం, పాతకాలపు ఏనుగు. తొండంలో ఒక బటన్ ఉండి ఉంటే మడుగు కాస్త చల్లగా తగలగానే నొక్కేసేది.

మా మేనల్లుడు సియాటిల్లో ఉద్యోగం, శని ఆదివారాలు కొండలెక్కడం. మొన్న వీడియో కాల్లో, సంచి పట్టీకి తగిలించుకున్న నారింజ రంగు పరికరం చూపించాడు. అరచేతిలో ఇమిడిపోతుంది. ఫోన్ మూగబోయిన చోట కూడా ఎస్‌ఓఎస్ నొక్కితే ఇరిడియం ఉపగ్రహాలు అందుకుంటాయట. 66 తిరుగుతున్నాయి పైన.

"మరి మ్యాపు?" అన్నాను.

"ఇది ఉందిగా మామయ్యా."

"చలికోటు?"

"ఇది ఉందిగా!"

నీళ్ల సంగతి అడగడానికి నాకే మొహమాటం వేసింది. చిన్నప్పుడు వాడి మొలతాడుకు మా అమ్మ తాయెత్తు కట్టించింది. దానికి నెలనెలా చందా ఉండేది కాదు.

అడగాల్సింది నీళ్ల గురించే. 2009 సెప్టెంబరులో అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో, రాయల్ ఆర్చ్ లూప్ అనే కఠినమైన దారిలో ఇద్దరు తండ్రులు, వాళ్ల కొడుకులు దిగారు. నీళ్లు దొరక్క, వెంట తెచ్చుకున్న ఇలాంటి పరికరం బటన్ నొక్కారు. మర్నాడు హెలికాప్టర్ వచ్చేసరికి వాగు దొరికింది, మేం రామన్నారు. ఆ సాయంత్రం మళ్లీ నొక్కారు. ఈసారి కష్టం ఏమిటంటే, నీళ్లు ఉప్పగా ఉన్నాయి! రాత్రిపూట ఆ లోయలో ఎగరడం ప్రాణాలతో చెలగాటం. అయినా చీకట్లో చూసే కళ్లద్దాలు పెట్టుకుని పైలట్లు వచ్చి, తాగునీళ్లు ఇచ్చి వెళ్లారు. హోటల్లో సర్వర్ కూడా అంత మర్యాద చెయ్యడు. తెల్లారాక మూడోసారి నొక్కారు. ఇక రేంజర్లు బతిమాలుకోలేదు. అందర్నీ ఎక్కించుకుని పైకి తెచ్చి, నాయకుడికి కేసు చీటీ చేతిలో పెట్టారు. ఈ పరికరం లేకపోతే ఏం చేసేవారని అడిగితే, అసలు ఈ నడకకే వచ్చేవాళ్లం కాదన్నారు. మొత్తం కథలో నిజం మాట్లాడిన ఘట్టం అదొక్కటే.

కాలు విరిగి మంచులో పడ్డవాడికి ఆ బటన్ దేవుడే, కాదనను. కానీ దేవుడి వెనక ఎవరున్నారో కొనేటప్పుడు ఎవరూ అడగరు. అమెరికాలో చాలాచోట్ల ఆ కబురు కాల్ సెంటరు మీదుగా కౌంటీ షెరీఫ్‌కీ, అక్కణ్ణుంచి జీతం లేని వాలంటీర్లకూ చేరుతుంది. విష్ణుమూర్తి లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా పరుగెత్తాడంటారు. వాలంటీరు భార్యకు చెప్పే బయల్దేరతాడు, వడ్డించిన కంచం మీద మూత పెట్టించి. పొగమంచు కమ్మితే హెలికాప్టర్ ఎగరదు, వాళ్లు నడిచే రావాలి. ఇరుకు లోయలో ఆకాశం చారెడే కనిపిస్తుంది, కబురు పైకి వెళ్లడమే ఆలస్యం. ఈలోగా చలి ఆగుతుందా? అదే సియాటిల్లో మౌంటెనీర్స్ అనే పర్వతారోహకుల సంఘం 1930ల్లోనే కొండకు తప్పనిసరిగా తీసుకెళ్లాల్సిన పది వస్తువుల జాబితా రాసిపెట్టింది. అందులో మ్యాపు ఉంది, దిక్సూచి ఉంది, అదనపు బట్టలున్నాయి. ఈ మూడింటిలో ఏదీ మీట నొక్కితే పనిచేసేది కాదు. చదువుకోవాలి, మొయ్యాలి. చిక్కంతా అక్కడే.

వచ్చే వేసవికి మావాడు హిమాలయాలకు వస్తాడట, నారింజ రంగు దేవుడితో సహా. నాయనా, అనుమతి లేకుండా అలాంటిది మన దేశంలోకి తేవడం నేరం, ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు, ఇదివరకు విదేశీయుల్ని పట్టుకున్నారు కూడా అని చెప్పాను. వాడి మొహం మొసలి పట్టినట్టయింది.

"మరి నేనెలా నడవాలి మామయ్యా?"

మ్యాపు కొనిపెడతాన్లే, దాన్ని మడత విప్పి చూడటం వచ్చా అని అడిగాను. కనుక్కుని చెప్తానన్నాడు.