కంపైలర్ డిజైన్‌లో నైతికత 2.1

ఇంజనీరింగ్ చదివిన పిల్లాడికి ఏం వచ్చో తెలుసుకోవాలంటే పూర్వం పిల్లాణ్ణే అడిగేవాళ్లు. ఇప్పుడా మొరటు పద్ధతి పోయింది. ఎక్సెల్ షీటుని అడుగుతున్నారు. షీటు తడుముకోదు, నీళ్లు నమలదు, దానికి బ్యాక్‌లాగులుండవు.

2014లో మనదేశం, ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ అకార్డులో పూర్తిస్థాయి సభ్యత్వం పుచ్చుకుంది. నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ (ఎన్‌బీఏ) గుర్తింపు కావాలన్న ప్రతి ఇంజనీరింగ్ కాలేజీకీ ఔట్‌కమ్ చదువు తప్పనిసరైంది. సిద్ధాంతానికి వంక పెట్టలేం. మాస్టారు ఏం చెప్పాడన్నది కాదు, పిల్లాడు ఏం చేయగలడో చూడండి. బయట ఉద్యోగానికి ఏం కావాలో అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వచ్చి సిలబస్ రాయండి అన్నారు. మనవాళ్లకు అందులో వెనక్కి లెక్క కట్టడం అనే ముక్క బాగా నచ్చింది. ఇంటర్‌లో ఫిజిక్స్ రికార్డు రాసిన ప్రతివాడికీ ఆ విద్య తెలుసు: ముందు జవాబు వేసుకుని, దానికి సరిపోయే రీడింగులు తర్వాత రాసుకోవడం.

పద్ధతి ఇదీ. డిగ్రీ మొత్తానికి పన్నెండు ఫలితాలు, అంటే ఔట్‌కమ్‌లు. ఇంజనీరింగ్ పరిజ్ఞానంతో మొదలై నైతికత, జట్టుపని, కమ్యూనికేషన్, ప్రాజెక్టు నిర్వహణ, ఆర్థిక వ్యవహారాల మీదుగా జీవితాంతం నేర్చుకోవడం దాకా వెళతాయి. ప్రతి సబ్జెక్టుకీ మళ్లీ ఐదారు ఫలితాలు, ‘కోర్సు పూర్తయ్యేసరికి విద్యార్థి ఫలానాది చేయగలడు’ అని. వీటినీ వాటినీ ముడిపెడుతూ ఒక పట్టిక. ముడి వదులుగా ఉంటే 1, ఓ మోస్తరైతే 2, గట్టిదైతే 3. కోర్సు అయ్యాక పిల్లలు దేన్ని ఎంత సాధించారో కూడా మూడుకే లెక్క. ఈమధ్య కొత్త నమూనాలో పన్నెండుని పదకొండు చేశారు. సమాజాన్నీ పర్యావరణాన్నీ ఒకే గదిలో సర్దేశారు. నైతికతకి మాత్రం సొంత గది ఉంచారు, సంతోషం.

మా బావమరిది ఒక కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్. కంపైలర్ డిజైన్ చెబుతాడు. ఎన్‌బీఏ కమిటీ వచ్చే ముందురోజు రాత్రి వాడికి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లాను. స్టాఫ్‌రూమ్ నిండా బాక్స్ ఫైళ్లు, వాటికి రంగురంగుల చీటీలు. మూల స్పైరల్ బైండింగ్ మిషను. హెచ్‌వోడీ గారు వాడి భుజంమీంచి ల్యాప్‌టాప్‌లోకి వంగి చూస్తున్నారు.

“కంపైలర్‌లో నైతికత ఎంతొచ్చిందయ్యా?”

“1.9 సార్.”

“టార్గెట్ ఎంత పెట్టుకున్నాం?”

“2.1 సార్.”

“మరి?”

మరి ఏముంది. వాళ్ల కాలేజీ లెక్కలో పరీక్ష మార్కుల వాటా నూటికి ఎనభై, కోర్సు చివర పిల్లలు నింపే సర్వే వాటా ఇరవై. మార్కులు యూనివర్సిటీ దగ్గర ఉన్నాయి, కదపడానికి లేదు. సర్వే ఫారాలు బీరువాలో ఉన్నాయి. అందులో సగటున రెండు వేసిన పిల్లలు మూడు వేస్తే సరిగ్గా 0.2 పెరుగుతుంది. పప్పన్నం చల్లారేలోపు క్లాసు క్లాసంతా నైతికంగా ఎదిగిపోయింది.

“అసలు కంపైలర్‌కీ నైతికతకీ ఏమిట్రా సంబంధం?” అన్నాను బయటికొచ్చాక. “గడి ఖాళీగా ఉంటే ఎందుకు ఖాళీ అని అడుగుతారు బావా. అంకె వేస్తే ఊరుకుంటారు” అన్నాడు.

అలాగని అంతా కాగితాలమీదే అంటే నేనొప్పుకోను. కొన్ని ఫలితాలు నిక్షేపంగా సిద్ధిస్తున్నాయి. ఫైనలియర్ ప్రాజెక్టునే తీసుకోండి. నలుగురు కుర్రాళ్లు కలిసి అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఏదో కోచింగ్ సెంటర్ మెట్లెక్కి, టైటిల్ ఒకటి ఎంచుకుని, బేరమాడి, వాటాలేసుకుని డబ్బు కట్టి, కోడూ డాక్యుమెంటేషనూ పీపీటీతో సహా పట్టుకొస్తారు. జట్టుపని అయింది. బేరంలో కమ్యూనికేషన్ అయింది. ఇప్పుడు సగం, వైవా గట్టెక్కాక సగం అని ఒప్పించినవాడికి ఆర్థిక నిర్వహణలో మూడుకి మూడు వేయకపోతే పాపం.

ఉద్యోగానికి కావలసిన జావా, పైథాన్, ఫుల్‌స్టాక్ కూడా ఆ మెట్లమీదే దొరుకుతాయి. అక్కడ పట్టికలు లేవు. గోడకి ఫ్లెక్సీ, దానిమీద ఫీజూ బ్యాచ్ తేదీ, అంతే. విద్యార్థి చేయగలడని ఎవరూ రాసివ్వరు. చెప్పేవాడికి చేతకాకపోతే మూడోవారానికి గది సగం ఖాళీ అవుతుంది, ఫ్లెక్సీ మారుతుంది.

యూనివర్సిటీకి అనుబంధంగా ఉండే టైర్-2 కాలేజీలకు ఇన్నాళ్లూ నడిచిన ఎన్‌బీఏ నమూనాలో మొత్తం 1000 మార్కులు. ఫలితాల పట్టికలకూ సాధన లెక్కలకూ 120. పిల్లలకు ఉద్యోగాలు రావడం, పైచదువులకు వెళ్లడం, సొంతంగా ఏదైనా పెట్టుకోవడం, ఈ మూడూ కలిపి 40. ఉద్యోగం కోసమే చదువన్న యజ్ఞంలో ఉద్యోగానికి ప్రసాదం పాటి వాటా. ఆ నలభైకీ దారులున్నాయి. నాన్నగారి టిఫిన్ సెంటర్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మెకానికల్ కుర్రాడు ఆంత్రప్రెన్యూర్ గడిలో చక్కగా ఇముడుతాడు.

బీఏ, బీకాం, బీఎస్సీల వాళ్లు తప్పించుకున్నారనుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి వాళ్ల సిలబస్‌లోనూ పది నెలల ఇంటర్న్‌షిప్ చేర్చారు. ఉద్దేశం మంచిదే. కాకపోతే మండల కేంద్రంలో పరిశ్రమలంటే ఒక రైసుమిల్లు, రెండు జిరాక్సు షాపులు, ఒక మెడికల్ షాపు. వరసగా వచ్చి నిలబడ్డ మ్యాథ్స్ పిల్లల్ని మిల్లు యజమాని ఏం చేసుకుంటాడు? స్టాంపు కొట్టి పంపిస్తాడు.

ఇంతకీ ఇదంతా ఎవరికోసమో ఆ కంపెనీల సంగతి. అటానమస్ కాలేజీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పరిశ్రమవారు ఒకరుండాలి. ఉంటారు. శాలువా, జ్ఞాపిక, జీడిపప్పు. “కమ్యూనికేషన్ స్కిల్స్ పెంచాలండీ” అంటారు. మినిట్స్‌లో ఎక్కుతుంది. ఆ పెద్దమనిషి కంపెనీయే క్యాంపస్‌కి వచ్చినప్పుడు మాత్రం అటైన్‌మెంట్ షీటు అడిగిన పాపాన పోదు. టెన్త్ నుంచీ అరవై శాతం ఉందా, బ్యాక్‌లాగ్ ఉందా, రెండు పంపులు కలిసి ట్యాంకుని ఎన్ని గంటల్లో నింపుతాయి, ఇంతే. తీసుకున్నాక మైసూరుకో మరోచోటికో పంపి నెలల తరబడి ఓనమాల నుంచి నేర్పుకుంటుంది. నేర్పే ఖర్చు తగ్గించుకోవాలని పరిశ్రమ ఆ బరువుని యూనివర్సిటీ నెత్తిన పెట్టింది, యూనివర్సిటీ కాలేజీ నెత్తిన, కాలేజీ మా బావమరిది నెత్తిన. వాడు తెలివైనవాడు కాబట్టి ఎక్సెల్ నెత్తిన పెట్టాడు.

ఆ తెలివి వృథా పోలేదు. కాలేజీలకు గుర్తింపు ఫైళ్లు తయారుచేసిపెట్టే కన్సల్టెన్సీ ఒకటి కంపైలర్ పాఠం గురించి ఒక్క ముక్కా అడక్కుండా, నెలజీతం పెంచి వాణ్ణి తీసుకెళ్లింది. విభాగం మొత్తమ్మీద ఆ ఏడాది అంత చప్పున దొరికిన ఉద్యోగం మరొకటి లేదు. దాన్ని ప్లేస్‌మెంట్ల కింద చూపిద్దామని హెచ్‌వోడీ గారు చాలా ప్రయత్నించారు గానీ, ఫారంలో స్టాఫ్‌కి గడి లేదట.