వీధి వంతులు వేసుకునేది

మా రోజుల్లో ఒక ఇంట్లో పెద్దాయన మంచం పట్టాడంటే, మూడో రోజు నుంచి ఆ ఇంటి అరుగు ఖాళీగా ఉండేది కాదు. ఎవరూ పిలవక్కర్లేదు. రాత్రి భోజనాలయ్యాక ఎదురింటాయన కండువా భుజాన వేసుకుని వచ్చి కూర్చునేవాడు. అర్ధరాత్రి దాటాక ఇంకొకాయన వచ్చి "నువ్వెళ్ళి కాస్త నడుం వాల్చు బావా, నేనుంటాలే" అనేవాడు. ఆ వంతులు ఎవరూ కాగితం మీద రాయలేదు. ఒక్క రాత్రి తప్పిందీ లేదు.

మా తాతయ్య పోయింది 1956లో, కోనసీమలో ఒక లంకలో. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా వీధి చివర ఒక మామ్మ ఉండేది. పురుళ్ళకీ ఆవిడే, పోయే ప్రాణానికీ ఆవిడే. వచ్చీ రాగానే గంజి గ్లాసు పట్టుకున్న మా అమ్మని ఆపింది. "బలవంతాన పొయ్యకే, పొలమారుతుంది. దూది తడిపి పెదాలకి అద్దు చాలు" అంది. వీపు పుళ్ళు పడకుండా లేత అరటాకు పరిపించి, ఇటూ అటూ ఒత్తిగిలిపించేది. గొంతులో గురగుర మొదలైతే మేమంతా హడలిపోయాం. "అది వచ్చేదేరా, భయపడకండి. ఆయనకి వినపడుతూనే ఉంటుంది, మాట్లాడండి" అని పిల్లల్ని కూడా మంచం దగ్గరికి లాగింది. పాదాలు ముట్టుకు చూసి, "పెద్దాడికి టెలిగ్రాం ఇవ్వండి" అని చెప్పిందీ ఆవిడే.

అన్నిటికంటే పెద్ద పని ఇంకొకటి చేసింది. మా తాతయ్యకీ ఆయన తమ్ముడికీ గట్టు తగాదా వచ్చి ఏళ్ళ తరబడి మాటల్లేవు. తాతయ్య కళ్ళు మాటిమాటికీ గుమ్మం వైపు పోతున్నాయని మామ్మ కనిపెట్టింది. అవతలి లంకకి పడవ మీద మనిషిని పంపింది. చిన్న తాతయ్య వచ్చి మంచం పట్టె మీద కూర్చుని అన్న చెయ్యి పట్టుకున్నాడు. మర్నాడు తెల్లారుజామున, నోట్లో గంగ పడ్డాక, తాతయ్య పోయాడు. చుట్టూ ఇరవై మంది ఉన్నాం.

రెండేళ్ళ కిందట మా తమ్ముడు పోయాడు, నగరంలో, ఐసీయూలో. పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉంచారు. సాయంత్రం ఐదు నిమిషాలు, అదీ ఒక్కరికే చూపు. ఏ చెయ్యీ పట్టుకోకుండానే వెళ్ళిపోయాడు. అద్దె ఇంటికి తీసుకొస్తే, శవాన్ని లోపల పెట్టనివ్వనని ఇంటి యజమాని గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. నాలుగు గంటలు రోడ్డు మీద అంబులెన్సులోనే ఉన్నాడు నా తమ్ముడు. వీధిలో తలుపులన్నీ వేసే ఉన్నాయి. వాట్సాప్‌లో మాత్రం వంద దండాలు వచ్చాయి. ఆ రోజు నుంచి నాకు ఈ కాలం మీద కోపం తగ్గలేదు.

అమెరికాలో ఉన్న మనవరాలు ఈ మధ్య ఫోన్లో చెప్పింది: "తాతయ్యా, ఇక్కడ డూలాలని ఉంటారు. పోయేవాళ్ళ పక్కన కూర్చుని కడదాకా తోడుంటారు." గ్రీకు మాటట, సేవ చేసే స్త్రీ అని అర్థం. మా మామ్మ చేసిన పనికి ఇప్పుడు పాఠాలున్నాయి, రుసుములున్నాయి. ఆ పని మళ్ళీ పుట్టినందుకు నాకు సంతోషమే. కానీ డబ్బిచ్చి తెచ్చుకున్న ఒక్క మనిషి ఎన్ని రాత్రులు కూర్చుంటుంది? మామ్మ వెనక వీధి ఉంది. పడవ వేసుకెళ్ళినవాడూ, జాగారం చేసినవాడూ, మా ఇంట్లో పొయ్యి వెలగని రోజున అన్నం వండి తెచ్చినావిడా ఉన్నారు. ముందు ఆ వీధిని కట్టుకోవాలి.

కడితే వస్తుందని మలయాళీలు చేసి చూపించారు. 1993లో కోళిక్కోడు వైద్య కళాశాలలో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్, మరికొందరు కలిసి నొప్పికి ఉపశమన వైద్యం మొదలుపెట్టారు. డాక్టర్లు ఎంతమందైనా ఇల్లిల్లూ తిరగలేరని కొన్నాళ్ళకే తెలిసింది. అప్పుడు మలప్పురం వైపు ఊళ్ళవాళ్ళనే కూడగట్టారు. మామూలు మనుషులే. పదహారు గంటల పాఠం, ఆ పైన నాలుగు రోజులు రోగుల ఇళ్ళకి వెళ్ళే బృందంతో తిరగడం, తర్వాత వారానికి కనీసం రెండు గంటలు. ఖర్చు ఎక్కువగా ఊళ్ళో పోగయ్యే చిన్న చిన్న చందాల నుంచే. పుండు కడిగేది నర్సు, మందు రాసేది డాక్టరు. పక్కన కూర్చునేది, బియ్యం లేని ఇంటికి బియ్యం చేర్చేది, పిల్లల చదువు ఆగకుండా చూసేది ఊరు. 2008లో అక్కడి ప్రభుత్వం దాన్ని విధానంగా రాసుకుంది. మనకీ ఏమీ లేకపోలేదు. హైదరాబాదులో స్పర్శ్ హాస్పిస్ ఉంది, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం ఉంది, తెలంగాణ జిల్లాల్లో కేంద్రాలున్నాయి. కానీ వాటి చెయ్యి అందుకునేందుకు ప్రతి వీధిలో నలుగురు ఉండాలి.

మా రోజులన్నీ బంగారమని నేననను. మా పెద్దత్తకి రొమ్ములో పుండు. ఏడాదిపాటు ఆవిడ అరుపులు వీధంతా విన్నది. పక్కన కూర్చున్నాం గానీ నొప్పి తీయలేకపోయాం. మార్ఫిన్ తెలిసిన డాక్టరు మా దరిదాపుల్లో లేడు. తర్వాత 1985 మత్తుమందుల చట్టం ఆ మందుని ఇంకా బిగించింది, 2014 సవరణతో గానీ కాస్త వదులు కాలేదు. ఇంకొకటీ చెప్పాలి. మా వంతులు మా వీధి దాటలేదు. మా పొలంలో ఏళ్ళ తరబడి పాటుపడ్డ పాలేరు ఊరవతల గుడిసెలో పోతే, మా వీధి నుంచి రాత్రి కాపలాకి ఒక్కరూ వెళ్ళలేదు. కొత్తగా కట్టే గుంపు ఆ గీత చెరిపెయ్యాలి.

మా కాలనీలో మేం మొదలుపెట్టాం. రిటైరైన నర్సమ్మ, ఆటో నడిపే అబ్బాయి, ఇద్దరు టీచర్లు, నేను. ఎవరింట్లో ఎవరు మంచాన ఉన్నారో తలుపు తట్టి అడుగుతున్నాం. వెంటిలేటర్ వద్దనుకునేవాళ్ళు ముందే కాగితం రాసుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 2023లో ఆ పద్ధతిని తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ఉంటే సరిపోతుంది. నాది రాసేశాను. రాసుకుంటానన్నవాళ్ళకి దగ్గరుండి రాయిస్తున్నాం.

మూడో వీధిలో ఒకాయన మూడు నెలలుగా మంచాన ఉన్నాడు. పిల్లలు దూరదేశంలో, భార్యకి మోకాళ్ళ నొప్పి. సోమవారం, బుధవారం, శనివారం రాత్రులకి మనుషులు కుదిరారు. మిగతా రోజులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. మీ వీధిలోనూ ఇలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. ఈ రాత్రి భోజనమయ్యాక వెళ్ళి తలుపు తట్టండి.