హార్డ్ డిస్కులో శతదినోత్సవం

"సినిమా అయిపోయిందా తమ్ముడూ?"

"అయిపోయిందన్నా."

"మరి ఎప్పుడు చూపిస్తావ్?"

"చిన్న చిన్న కరెక్షన్లున్నయన్నా."

హైదరాబాదు కృష్ణానగర్‌లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఈ నాలుగు ముక్కలే. షూటింగ్ అయిపోయింది. డబ్బింగ్ అయిపోయింది. అప్పిచ్చిన బావ ఓపిక కూడా అయిపోయింది. సినిమా మాత్రం బయటికి రాదు. నిడివి 22 నిమిషాలు. చెక్కుడు మొదలై రెండో ఏడు. మన కుర్ర దర్శకుడు ఎడిట్ కాపీలకు పేర్లు పెట్టీ పెట్టీ 'ఫైనల్', 'ఫైనల్ ఫైనల్', 'అసలు ఫైనల్' దాటి 'ఒట్టు, ఇదే ఫైనల్' దాకా వచ్చాడు. ఇంతకీ చూసిందెవరు? ఆయనా, ఆయన ఎడిటరూ.

ఏమిటయ్యా లోపం అంటే ఒకటా, రెండా! మూడో సీన్లో గోడ రంగు తేలిపోయిందట. అమ్మ పాత్ర ఏడుస్తుంటే వెనక ఆటో హారన్ వినపడుతోందట. హైదరాబాదులో ఆటో హారన్ లేకుండా ఏ అమ్మ ఏడ్చింది గనక?

ఇంత భయం ఈ పిల్లాడికి నూరిపోసిందెవరు? పెద్దలు. ప్రీ-రిలీజ్ వేదికల మీద మైకు దొరికిన పెద్దలు. "చిన్న సినిమా, పెద్ద సినిమా అని ఉండదు, మంచి సినిమా, చెడ్డ సినిమా, అంతే" అంటారు. "క్వాలిటీలో రాజీ పడొద్దు" అంటారు. చుట్టూ బౌన్సర్లు, పైన డ్రోన్లు, కింద చప్పట్లు. మర్నాడు ఇదే పిల్లాడు పెన్‌డ్రైవ్ పట్టుకుని ఆఫీసు గడప తొక్కితే "సార్ డిస్కషన్‌లో ఉన్నారు." ఎప్పటిదాకా? పిల్లాడు ఊరికి బస్సెక్కేదాకా.

రాజమౌళిని ముద్దుగా జక్కన్న అంటారు. బాగుంది. ఆయన చెక్కుతాడు, చెక్కినన్నాళ్లూ యూనిట్‌కి జీతాలిచ్చే నిర్మాత వెనక ఉంటాడు. ఆ మాట మరిచి మన కృష్ణానగర్ కుర్రాళ్లంతా తలా ఒక ఉలి పట్టుకున్నారు. ఉలి అప్పు. రాయి అద్దె. అద్దె రోజూ పెరుగుతోంది.

సరే, రాజీ పడొద్దన్న వాళ్ల సరుకు ఎలా ఉందో చూద్దామా?

'ఆదిపురుష్' టీజర్ 2022 అక్టోబరులో వచ్చింది. జనం నవ్వారు. గ్రాఫిక్స్ బాగుచేస్తామని సంక్రాంతి తేదీ వదిలేసి 2023 జూన్ 16కి వెళ్లారు. జనం ఈసారి తిట్టారు. హనుమంతుడి నోట పెట్టిన మాటలను, బొమ్మ థియేటర్లో ఆడుతుండగానే మార్చారు! వందల కోట్లు పోసిన సినిమా. మరి తొలి రోజుల్లో టికెట్ కొన్న పిచ్చిమారాజులు చూసిందేమిటి? రఫ్ కాపీ. డబ్బులిచ్చి, లైన్లో నిలబడి, జై కొట్టి మరీ చూసిన రఫ్ కాపీ.

'గేమ్ ఛేంజర్' 2025 జనవరి 10న విడుదలైంది. ముందునుంచీ ఊదరగొట్టిన 'నానా హైరానా' పాట తెరమీద లేదు. ఏమైంది? సాంకేతిక ఇబ్బందులట. విడుదలయ్యాక అతికించారు. పాటకు పాటే లేకుండా సినిమా వదిలే గుండె వాళ్లది. ఆటో హారన్ ఉందని సినిమా దాచుకునే బిడియం వీడిది. క్వాలిటీ పాఠం ఎవరు ఎవరికి చెప్పాలి?

సర్కారు వారి సాయం సంగతి కూడా చూడాలి కదా. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో ఇచ్చింది. ఐదో ఆట వేసుకోండి, కాకపోతే ఐదింట్లో ఒకటి చిన్న సినిమాకు ఇవ్వాలి, అదీ ఉదయం 11కీ రాత్రి 9కీ మధ్య. భేష్! చిన్న సినిమా అంటే ఎంతలో తీసింది? 20 కోట్ల లోపు. చిత్తం! మనవాడి బడ్జెట్‌లో సున్నాలు లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు. పోనీ, ఆ ఆటైనా ఎక్కడ? పెద్ద హీరో బొమ్మ పడిన వారం, మీ ఊరి థియేటర్లో మధ్యాహ్నం పూట ఒక చిన్న సినిమా ఆడటం మీరు చూశారా? నేను చూడలేదు.

ఇటు తెలంగాణలో 2024 డిసెంబరులో సంధ్య థియేటర్ దగ్గర ప్రీమియర్ ఆట తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఇక బెనిఫిట్ షోలుండవు, రేట్ల పెంపులుండవు అని ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించారు. మూడు వారాలు తిరగలేదు. 'గేమ్ ఛేంజర్'కు పెంపు ఉత్తర్వు వచ్చేసింది. హైకోర్టు నిలదీస్తే వెనక్కి తీసుకున్నారు. 2025 సెప్టెంబరుకల్లా 'ఓజీ' ప్రీమియర్ టికెట్ తెలంగాణలో 800. మేమేం తక్కువా అని ఆంధ్రలో అర్ధరాత్రి ఒంటిగంట ఆటకు 1000. అర్ధరాత్రి ఒంటిగంటకు తెరిచే సర్కారు కళ్లు, పగలు ఒంటిగంటకు ఎందుకు మూతపడతాయి?

అవార్డులు? నంది 1964లో పుట్టింది. 2017 నవంబరులో మూడేళ్ల బకాయి ఒక్క రోజు ప్రకటించారు, దాని మీద వీధినపడి కొట్టుకున్నారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి నంది లేవలేదు. తెలంగాణ 2025 జూన్‌లో గద్దర్ పేరిట అవార్డులిచ్చింది. భుజాన గొంగడి, గొంతే పెట్టుబడి. అదీ గద్దర్. ఆయన తెరమీద పాడిన 'మా భూమి' చిన్న సినిమా. ఆయన పేరు మీద 2024 ఉత్తమ చిత్రం ఏది? 'కల్కి 2898 ఏడీ'. దేశంలోనే అతి ఖరీదైన సినిమాల్లో ఒకటి. గద్దర్ ఉంటే దీని మీదే ఒక పాట కట్టేవాడు.

ఇక ఓటీటీ మహాప్రభువులు. వచ్చిన కొత్తలో "థియేటరెందుకు, మేమున్నాంగా" అన్నారు. ఇప్పుడేమో "ముందు థియేటర్లో ఆడించుకుని రండి." థియేటరాయన దగ్గరికెళితే "ఓటీటీ డీల్ అయిందా?" ఈ గుమ్మానికీ ఆ గుమ్మానికీ మధ్య చెప్పులరిగేది మనవాడికి. 'సినిమా బండి' 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. తన ఆటోలో ఎవరో మరిచిపోయిన కెమెరాతో, ఊళ్లో పెళ్లి ఫొటోగ్రాఫర్‌ని పక్కన పెట్టుకుని సినిమా తీసే ఆటోవాడి కథ. అందరూ మురిసిపోయారు. ఆ సినిమా వెనక రాజ్, డీకే ఉన్నారు. 'కేరాఫ్ కంచరపాలెం' జనం దాకా వచ్చే వేళకు దాని వెనక రానా ఉన్నాడు. వాళ్ల మేలు మరవకూడదు. కానీ పేరున్నవాడు చెయ్యి పట్టుకుంటే తప్ప తెరుచుకోని గేటు ముందు నిలబడి "కంటెంట్ ఉంటే చాలు" అనడం ఏ జాతి అబద్ధం?

ఇంతమందిని తిట్టాం కదా అని మనవాడు సుద్దపూస అయిపోతాడా? కాడు. గోడ రంగు నెపం. అసలు గుట్టు వేరు. బయటపెడితే కదా బాగోలేదనేది! డిస్కులో ఉన్నంత కాలం అది అద్భుత కళాఖండం. యూట్యూబులో పెట్టిన మరుక్షణం ఎవడో ఇంటర్ కుర్రాడు "టైం వేస్ట్" అని రాసిపోతాడు. ఆ రెండు ముక్కల భయానికి పెట్టుకున్న ముద్దుపేరే పర్ఫెక్షన్. గదిలో గోడ మీద సత్యజిత్ రాయ్ బొమ్మ ఒకటి. దాన్ని చూసి లెంపలేసుకుంటాడు, "ఆయన స్థాయికి రాలేదన్నా" అని.

ఆయన స్థాయి ఏమిటో తెలుసా నాయనా? 'పథేర్ పాంచాలి' కెమెరామన్ సుబ్రత మిత్రకు అప్పటికి 21 ఏళ్లు, అంతకుముందు మూవీ కెమెరా తిప్పి ఎరగడు. రెల్లుపూల పొలంలో ఒక రోజు తీసి, మళ్లీ వెళ్లేసరికి పూలన్నీ పశువులు మేసేశాయి. మళ్లీ పూసేదాకా ఆగారు. భార్య నగలు తాకట్టుకు పోయాయి. బెంగాల్ ప్రభుత్వం ఇచ్చిన డబ్బు రోడ్ల పద్దులోంచి వచ్చింది. 1955 మే నెలలో న్యూయార్క్ మ్యూజియంలో చూపిస్తామని మాట ఇచ్చేశారు. చివరి పది రోజులు రాత్రీ పగలూ ఎడిటింగ్. రవిశంకర్ సంగీతమంతా ఒక్క సిటింగ్‌లో. సబ్‌టైటిల్స్ వేసే తీరిక లేక, లేకుండానే పంపేశారు. బెంగాలీ రాని ఊరికి! తేదీ మెడ మీద కూర్చుంది గనక రాయ్ సినిమా వదిలాడు. నీకు తేదీ ఏదీ?

తేదీ లేనివాడి సంగతీ విను. రిచర్డ్ విలియమ్స్ అని మహా యానిమేటర్. ఆస్కార్లు గెలిచిన మనిషి. 'ద థీఫ్ అండ్ ద కాబ్లర్' అనే బొమ్మల సినిమా 1964 ప్రాంతంలో మొదలుపెట్టాడు. చెక్కాడు, చెక్కాడు, దాదాపు 30 ఏళ్లు చెక్కాడు. 1992లో డబ్బుకు పూచీ ఉన్నవాళ్లు సినిమానే చేతుల్లోంచి లాక్కున్నారు. ఎవరెవరో కోసి, పాటలు అతికించి వదిలారు. ఆయనకు నచ్చని రూపంలోనే అది జనం ముందుకు వచ్చింది. నీ బావ ఆ పని ఇంకా చేయలేదంటే అది నీ అదృష్టం.

ఆఖరి వాటా మనది, పాఠక మహాశయా. ఎవరైనా ఇలాంటి లింకు పంపితే తెరవకుండానే "సూపర్ బ్రో" అని మూడు నిప్పు బొమ్మలు పెట్టేది మనమే కదా? ఆ నిప్పు బొమ్మలు చూసే వాడు సగం చచ్చేది. అర్ధరాత్రి బొమ్మకు వెయ్యి రూపాయలు పోసి, పొద్దున్నే "రొట్ట" అనుకుంటూ ఇల్లు చేరే ఓపిక మనకుంది. పైసా అడగని సినిమాకు 22 నిమిషాలు లేవా? ఈసారి లింకు వస్తే తెరవండి. చివరిదాకా చూడండి. నచ్చకపోతే ఎక్కడ నచ్చలేదో వాడికే ఫోన్ చేసి, పేరు పెట్టి పిలిచి, గట్టిగా తిట్టండి.