గుద్దు ముచ్చట శాస్త్రం

బల్లి మీద పడితే శాస్త్రం ఉంది, పిల్లి ఎదురొస్తే శాస్త్రం ఉంది, దొంగతనానికీ శాస్త్రం ఉందంటారు. సెల్‌ఫోన్ అడ్డంగా పట్టుకొని రెండు బొటనవేళ్లతో లోకాన్ని సంహరించే విద్యకు మాత్రం ఇంతవరకు సూత్రమూ లేదు, భాష్యమూ లేదు. ఆ లోటు తీర్చే భారం మా కామారెడ్డి జిల్లా మీద పడింది. జిల్లా కొత్తది. 2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి వేరుపడింది. కొత్త జిల్లాకు కలెక్టరేటు ఒక్కటుంటే చాలదు, సొంత శాస్త్రం కూడా ఒకటి ఉండాలి.

ఈ శాస్త్రంలో రెండు సంప్రదాయాలు. కామారెడ్డివారు గుద్దువాదులు. పక్కనుంచి 44వ నంబరు జాతీయ రహదారి, నడుమనుంచి రైలు పట్టాలు పోయే ఊళ్లో కథ వినే తీరిక ఎవరికుంటుంది? తెర మీద ముసలాయన నోరు తెరవగానే "స్కిప్ కొట్టన్నా" అంటారు. ఎల్లారెడ్డివారు ముచ్చటవాదులు. రైలు కూత లేని ఊరు, తెల్లవార్లూ చిందు యక్షగానం చూసిన తాతలకు మనవలు. "ఆగురా, ముసలోడేం జెప్తుండో ఇననియ్యి" అంటారు. ఈ విభజన జనాభా లెక్కల్లో దొరకదు, చేసినవాణ్ని నేనే. ఒకే ఇంట్లో అన్న కామారెడ్డి, తమ్ముడు ఎల్లారెడ్డి కావడం కూడా కద్దు.

మొదటి సూత్రం: దెబ్బ తగిలిన చోట లోకం ఆగాలి. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2లో తన్ను తగిలిన క్షణాన తన్నినవాడూ తిన్నవాడూ ఇద్దరూ కొన్ని ఫ్రేముల పాటు బిగుసుకుపోతారు. దీన్ని ఆ విద్యవాళ్లు హిట్ స్టాప్ అంటారు. సెకనుకు అరవై ఫ్రేములు పరిగెత్తే చోట ఆ ఆగుడు కంటికి ఆనదు, బొటనవేలికి ఆనుతుంది. అది తీసేస్తే ఎంతటి వీరుడి దెబ్బైనా దోమను తోలినట్టే ఉంటుంది. తెలుగు సినిమాకూ ఈ సూత్రం తెలుసు, మోతాదే తెలియదు. రౌడీ గాలిలో ఉండగా మనం బయటికెళ్లి సమోసా తెచ్చుకోవచ్చు.

రెండో సూత్రం: శత్రువు ముందు చెయ్యెత్తాలి, తర్వాతే కొట్టాలి. 2011లో వచ్చిన డార్క్ సోల్స్‌లో ఆడేవాడు చచ్చినన్నిసార్లు ఇంకెక్కడా చావడు, అయినా మళ్లీ లేచి వెళతాడు. రాక్షసుడు గద ఎత్తడం చూశాడు, తప్పుకునే సందు ఉండె, తప్పుకోలేదు. కోపం వస్తే తన మీదే రావాలి. ఇక్కడ అలంకారశాస్త్రం పనికొస్తుంది. వీరరసానికి స్థాయి ఉత్సాహం, రౌద్రానికి స్థాయి క్రోధం. "ఇంకొక్కసారి" అన్నవాడిది వీరం. "ఈ ఫోనే బేకారు" అని మంచం మీదికి విసిరినవాడిది రౌద్రం. మంచం మీదికే విసిరాడు, గోడకు కాదు. కిస్తీలు ఇంకా కట్టాలి గనుక దాన్ని శుద్ధ రౌద్రం అనడానికీ లేదు.

ఆటను కఠినం చేయమంటే కొందరు తయారీదారులు శత్రువు ఆయుష్షు ఒక్కటే పెంచి ఊరుకుంటారు. వాడు తెలివి మీరడు, వేగం పెరగడు, ఊరికే తూటాలు తాగుతుంటాడు. ఇలాంటివాణ్ని ఒకేచోట, ఒకే కత్తితో, ఒకే తీరున నరుకుతూ పోతే మనిషికి కలిగే స్థితిని నిర్వేదం అంటారు. నిర్వేదం శాంతరసానికి స్థాయి. కనుక లెవల్ పెంచుకోవడానికి రోజంతా అడవి పందుల్ని చంపినవాడు మోక్షానికి అర్హుడని ఒక వాదం ఉంది. వాళ్లమ్మ ఈ వాదాన్ని ఒప్పుకోదు.

చివరి శత్రువు విషయంలో మాత్రం కామారెడ్డివారికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబర్ 3న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, నాలుగు రోజుల్లో ముఖ్యమంత్రి కాబోతున్న రేవంత్‌రెడ్డి, ఇద్దరూ ఇదే నియోజకవర్గంలో స్థానికుడైన కాటిపల్లి వెంకటరమణారెడ్డి చేతిలో ఓడారు. ఒక్క రౌండు, ఇద్దరు బాస్‌లు. ఇదే కథ గేమ్ కంపెనీకి రాసిస్తే నమ్మేటట్టు లేదని తిప్పి పంపేవారు.

ఇక గుద్దువాదుల పూర్వపక్షం. అసలు కథ ఎందుకు? పబ్జీలో ఏం కథ ఉంది? వందమంది విమానంలోంచి ఒక దీవి మీదికి దూకుతారు, గీసిన గిరి చిన్నదవుతూ వస్తుంది, చివరికి మిగిలినవాడు గెలుస్తాడు. 2020 సెప్టెంబర్ 2న ప్రభుత్వం దాన్ని నిషేధిస్తే పిల్లలు దిగులుపడ్డారు. మరుసటి జులైలో బీజీఎంఐ పేరుతో తిరిగొస్తే పండగ చేసుకున్నారు. కథ లేదని ఒక్కడూ అలగలేదు.

వాదం గట్టిదే. కానీ ఆట ముగిశాక ఆ గుద్దువాదులు చాయ్ హోటల్ దగ్గర ఏం చేస్తారో చూడాలి. "జోన్ మీదికొస్తుంది, హెల్త్ గింతే ఉంది, నేను గడ్డిల పండుకున్న, గాడొచ్చి నా పక్కనే నిలవడ్డడు..." ఆట అరగంట, దాని ముచ్చట ముప్పావుగంట. చెప్పిన ప్రతిసారీ శత్రువులు ఇద్దరు పెరుగుతారు. కంపెనీ కథ రాయలేదు గనుక ప్రతివాడూ ఒక పురాణం కట్టుకున్నాడు. గుద్దువాదులు చాటుగా ముచ్చటవాదులేనని ఇందుమూలంగా రుజువైంది.

అలాగని ఎల్లారెడ్డివారికి జయపత్రం ఇవ్వలేం. వారి అతి వారికుంది. 2008 నాటి మెటల్ గేర్ సాలిడ్ 4లో ముగింపు దృశ్యాలే గంట దాటుతాయి. అంతసేపూ ఆడేవాడి చేతులు దండం పెట్టుకోవడానికి తప్ప పనికిరావు. యుద్ధాన్నీ చావునూ రంగం మీద చూపొద్దు, నోటిమాటగా చెప్పించమన్నాడు నాట్యశాస్త్రంలో భరతుడు. మన తయారీదారులు దాన్ని తలకిందులు చేశారు. చిల్లర యుద్ధాలన్నీ మన చేత చేయించి, అసలు దెబ్బ వాళ్లు సినిమాగా చూపిస్తారు. ఇంకా ఘోరం ఏమిటంటే, అరగంట చెమటోడ్చి బాస్‌ను మనం గెలుస్తాం. వెంటనే సినిమా మొదలై అందులో మన వీరుడు అదే బాస్ ముందు మోకాళ్ల మీద కూలబడి ఉంటాడు. మరి ఇందాక గెలిచిందెవరు? ఈ అపరాధానికి శాస్త్రంలో క్షమాపణ లేదు.

సిద్ధాంతం చిందువాళ్లు ఎప్పుడో తేల్చారు. బోధన్ పక్క అమ్దాపూర్‌కు చెందిన చిందు ఎల్లమ్మ వేషం కట్టి ఆడిన ఈ విద్యలో వీరుడు వస్తూనే తానెవరో తానే పాడి చెప్పుకుంటాడు. నోరు కథ చెబుతుంటే కాలు చిందు వేస్తూనే ఉంటుంది. ఒకటి పని చేస్తుంటే రెండోది ఖాళీగా కూర్చోదు. 2018 నాటి గాడ్ ఆఫ్ వార్‌కు ఆ కిటుకు తెలిసింది. క్రేటోస్ నడుముకు వేలాడే మిమిర్ అనే తెగిన తల, మనం పడవ నడుపుతుంటే దేవతల కథలు చెబుతుంది. ఒడ్డు రాగానే ఆపుతుంది, మళ్లీ పడవెక్కితే ఆపినచోటినుంచి అందుకుంటుంది. నిజాంసాగర్ తమ దగ్గర ఉంది గనుక పడవ మీద ముచ్చట తమ హక్కేనని ఎల్లారెడ్డివారు ఇప్పటికే దావా వేశారు.

మిగిలింది ప్రాయశ్చిత్త కాండ. కథంతా స్కిప్ కొట్టి, చివర్లో "వీడెవడు, ఎందుకు సచ్చిండు?" అని పక్కవాణ్ని అడిగినవాడు 2000 సంవత్సరపు ఐజీఐ ఆట పద్నాలుగు మిషన్లూ ఆడి ముగించాలి. అందులో నడుమ సేవ్ చేసుకునే వీలు లేదు. కరెంటు పోతే ఆ మిషన్ మళ్లీ మొదటినుంచి. ఇన్వర్టర్ వాడితే ప్రాయశ్చిత్తం చెల్లదు.